హైసెన్ కాలిబాట: ఎవరి నేల మీద నడుస్తున్నామో తెలుసుకుని నడిచే పద్ధతి

దక్షిణ ఆస్ట్రేలియాలో కేప్ జెర్విస్ అనే సముద్రపు మొన దగ్గర మొదలై, ఉత్తరాన ఫ్లిండర్స్ కొండల్లోని పారాచిల్నా గార్జ్ అనే లోయ దాకా సాగే హైసెన్ ట్రెయిల్ పొడవు దాదాపు 1,200 కిలోమీటర్లు. ఒక్క విడతలో నడిస్తే రెండు నెలలు పడుతుంది. ఎక్కువమంది ముక్కలు ముక్కలుగా, కొన్నేళ్లపాటు సెలవుల్లో నడిచి పూర్తి చేస్తారు. ఈ దారి ఆలోచనను 1969లో వారెన్ బోనిథన్ ముందుకు తెచ్చాడు. క్షేత్రస్థాయిలో గుర్తులు పెట్టి దారి వేయించింది టెర్రీ లావెండర్. 1990ల తొలినాళ్లకు అది పూర్తయింది. పేరు మాత్రం చిత్రకారుడు హాన్స్ హైసెన్‌ది. ఆయన 1877లో హాంబర్గ్‌లో పుట్టి, చిన్నతనంలోనే అడిలైడ్ చేరి, మనం జామాయిల్ అని పిలిచే జాతి చెట్లను జీవితమంతా బొమ్మలుగా గీశాడు.

అడిలైడ్‌లో, మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువాళ్లలో కొండలెక్కే అలవాటు పెరుగుతోంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఫ్లిండర్స్ కొండల్లోని విల్పీనా చూపించడానికి తీసుకెళ్లడమూ మామూలైంది. అయితే వెళ్లేవాళ్ల ఏర్పాట్లన్నీ కిలోమీటర్లు, బూట్లు, టెంటు బరువు చుట్టూ తిరుగుతాయి. దారిలో తగిలే చిన్న ఊరు వాళ్లకు సరుకులు కొనుక్కునే చోటు, ఆదివాసుల చరిత్ర దారి పక్కన నిలబెట్టిన ఒక బోర్డు. ఈ మార్గదర్శిలో ఆ వరుసను తిరగేశాను. ముందు నేల, తరువాత ఊరు, ఆఖర్న సామాను. ఇలా ప్రణాళిక వేసుకుంటే నడక నెమ్మదిస్తుంది. నెమ్మదించడమే మంచిదని నా అభిప్రాయం.

మొదటి అడుగు: పటాన్ని ప్రజల పేర్లతో విడగొట్టండి

ట్రెయిల్ పటాన్ని బల్ల మీద పరచుకుని, ఏ నేల ఏ ఆదివాసీ ప్రజలదో దాన్ని బట్టి పెన్సిలుతో ఐదు భాగాలు చేయండి.

దక్షిణాన సముద్రతీరమైన ఫ్లూరియో ద్వీపకల్పం కౌర్నా, రమిన్‌జెరి, న్గారిన్‌జెరి ప్రజలది. అడిలైడ్ వెనక కొండలు కౌర్నా, పెరమాంక్ ప్రజలవి. బరోసా నుంచి బర్రా మీదుగా ఉత్తరానికి పోయే గోధుమ, గొర్రెల మైదానాలు న్గాజురి నేల. క్రిస్టల్ బ్రూక్, మెల్రోజ్ చుట్టుపక్కల దక్షిణ ఫ్లిండర్స్ నుకునూ ప్రజలది. హాకర్ దాటాక అంతా అద్న్యమత్న దేశం.

ఈ హద్దులు మన జిల్లా సరిహద్దుల్లాంటివి కావు. వాగులు, ఊటలు, కథలు, పెళ్లి సంబంధాల వెంట అల్లుకుపోయి ఉంటాయి. కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు ప్రజలకు ఒకే తీరంతో సంబంధం ఉంటుంది. కాబట్టి పెన్సిలు గీత పలచగానే గీయండి. చట్టం వీళ్ల హక్కులను గుర్తించింది ఈమధ్యనే. అద్న్యమత్న ప్రజల భూమి హక్కును కోర్టు 2009లో ఒప్పుకుంది, కౌర్నా వాళ్లది 2018లో, నుకునూ వాళ్లది 2019లో. ఫ్లిండర్స్‌లోని జాతీయ ఉద్యానానికి 2016లో ఇకారా-ఫ్లిండర్స్ రేంజెస్ అని పేరు మార్చారు. మీ దగ్గరున్న పటంలో ‘ఇకారా’ లేకపోతే అది పాతది, పక్కన పెట్టేయండి. పేరు కోసమే ఇంత పట్టింపు అక్కర్లేదు కానీ, దారి మళ్లింపులు కూడా పాత పటంలో ఉండవు.

రెండో అడుగు: కాలం

ఇక్కడ బేరం లేదు. మే నుంచి అక్టోబరు దాకానే నడవాలి. ట్రెయిల్‌లో పెద్ద భాగం రైతుల సొంత భూముల మీదుగా పోతుంది. కార్చిచ్చు కాలంలో, అంటే సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా, ఆ భాగాలను మూసేస్తారు. కచ్చితమైన తేదీలు జిల్లాను బట్టి, ఆ ఏటి ఎండను బట్టి మారతాయి కాబట్టి బయల్దేరే ముందు ట్రెయిల్ అధికారిక సమాచారంలో చూసుకోవాలి. సంక్రాంతి సెలవులకు ఊరి నుంచి చుట్టాలు వస్తున్నారని జనవరిలో పెట్టుకోకండి. అది ఇక్కడ నడి వేసవి, నలభై డిగ్రీలు దాటే రోజులు.

జూన్, జులైలలో ఫ్లిండర్స్‌లో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి నీళ్ల సీసాలో నీరు గడ్డకట్టవచ్చు. ఆగస్టు ఆఖరు, సెప్టెంబరుల్లో అడవిపూలు పూస్తాయి. ఒక్కసారే వెళ్లగలిగేవాళ్లకు నా సలహా సెప్టెంబరు.

మూడో అడుగు: ఒక ముక్కను ఎంచుకోండి

మొత్తం దారి గురించి ఆలోచిస్తే కాళ్లు ముందే నొప్పెడతాయి. మొదటిసారి నడిచేవాళ్లకు మూడు ముక్కలు సూచిస్తాను.

కేప్ జెర్విస్ నుంచి డీప్ క్రీక్ పార్కు మీదుగా తూర్పుకు మూడు నాలుగు రోజుల నడక. పటంలో చూస్తే సముద్రపు ఒడ్డే కదా అనిపిస్తుంది. తీరా వెళ్లాక ఒక లోయలోకి దిగడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దిగడం. కొత్తవాళ్లకు ఈ మొదటి భాగమే పెద్ద పరీక్ష.

బర్రా నుంచి హాలెట్, స్పాల్డింగ్ వైపు ఐదారు రోజులు. చెట్లు తక్కువ, ఆకాశం ఎక్కువ. చిన్న ఊళ్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇదే సరైనది. అందమైన ఫోటోల కోసం వెళ్లేవాళ్లు మాత్రం విసుక్కుంటారు.

హాకర్ నుంచి విల్పీనా మీదుగా పారాచిల్నా గార్జ్ దాకా తొమ్మిది, పది రోజులు తీరుబడిగా. అంత సమయం లేకపోతే విల్పీనా నుంచి ఆఖరి దాకా నాలుగైదు రోజులు. ఆదివాసీ వారసత్వం ఇంత గాఢంగా, ఇంత బాహాటంగా కనిపించే భాగం మరొకటి లేదు. అందుకే కింద దీనికే ఎక్కువ చోటిచ్చాను.

నాలుగో అడుగు: వెళ్లేముందు కథ తెలుసుకోండి

ఈ పని ఇంట్లోనే చేయాలి. కొండల మీద సిగ్నలూ ఉండదు, చదివే ఓపికా ఉండదు.

దక్షిణ తీరానికి జిల్‌బ్రుకే కథ ప్రాణం. ఆయన కౌర్నా ప్రజల పూర్వీకుడు, నిప్పు తెలిసినవాడు. మేనల్లుడు కులుల్‌తువి ఒక ఈమూ పక్షిని చంపి, ఆ నేరం నెపంతో తనవాళ్ల చేతుల్లోనే చనిపోతాడు. జిల్‌బ్రుకే హంతకులను శిక్షించి, మేనల్లుడి దేహాన్ని ఎత్తుకుని తీరం వెంట దక్షిణానికి నడుస్తాడు. ఆగిన చోటల్లా ఏడుస్తాడు. ఆ కన్నీళ్లు మంచినీటి ఊటలయ్యాయి. ఇప్పటి అడిలైడ్ శివారులోని కింగ్‌స్టన్ పార్కు ఊట నుంచి కేప్ జెర్విస్ దాకా ఆ చోట్లు వరుసగా ఉన్నాయి. చివరికి ఆయన ఐబిస్ కొంగగా మారిపోతాడు. అంటే హైసెన్ ట్రెయిల్ మొదలయ్యే చోటు అంతకన్నా ఎంతో పాతదైన ఒక శోకయాత్ర దారిలో ఉంది. కారులో కేప్ జెర్విస్‌కు పోతూ ఆ ఊటల దగ్గర ఒకటి రెండు చోట్ల ఆగితే నడక అక్కడే మొదలవుతుంది. తీరంలో మంచినీరు ఎక్కడ దొరుకుతుందో, ఒక మనిషి మరణానికి న్యాయం ఎలా జరగాలో ఈ ఒక్క కథ గుర్తుపెట్టుకుంది.

అడిలైడ్ కొండలను కౌర్నా ప్రజలు యుర్రెబిల్లా అనే మహాకాయుడి దేహంగా చెబుతారు. మౌంట్ లాఫ్టీ, దాని పక్క శిఖరం ఆయన చెవులు. ఇవాళ ఈ మాటలు మనకు కౌర్నా భాషలోనే వినిపిస్తున్నాయంటే దాని వెనక కొంత చరిత్ర ఉంది. 1838లో వచ్చిన టైకెల్‌మన్, షూర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ లూథరన్ మిషనరీలు 1840లో ఆ భాష వ్యాకరణం, పదాలు అచ్చువేశారు. ఆ తరువాత రోజువారీ వాడుకలోంచి భాష జారిపోయింది. 1990 ప్రాంతం నుంచి కౌర్నా కుటుంబాలే ఆ పాత పుస్తకం ఆధారంగా భాషను మళ్లీ నేర్చుకుని, పిల్లలకు నేర్పుతున్నాయి.

న్గాజురి నేల విషయం వేరు. అక్కడ రాగి గనులు, గొర్రెల మందలు, గోధుమ పొలాలు తొందరగా పరుచుకున్నాయి. జబ్బులు, తరిమివేతలు ప్రజలను చెదరగొట్టాయి. 1940 ప్రాంతంలో బార్నీ వరియా అనే న్గాజురి పెద్ద మానవశాస్త్రజ్ఞుడు రోనాల్డ్ బెర్న్‌ట్‌కు తన జనం కథలు, ఆచారాలు చెప్పి రాయించాడు. ఇప్పుడు తెలిసిన దానిలో చాలా భాగం ఆ సంభాషణల్లోంచి, కుటుంబాల జ్ఞాపకాల్లోంచి వచ్చిందే. ఈ భాగంలో బోర్డులు తక్కువగా కనిపిస్తే, అక్కడ ఎవరూ ఉండేవాళ్లు కారని అనుకోవద్దు.

ఇంకొక పేరు తెలుసుకోవాలి, గోయ్‌డర్. 1865లో సర్వేయర్ జనరల్ జార్జ్ గోయ్‌డర్ కరువు తరువాత గుర్రం మీద తిరిగి, చెట్టూ చేమా చూసి, ఒక గీత గీశాడు. దాని ఉత్తరాన వాన నమ్మకం లేదు, సేద్యం వద్దన్నాడు. 1870లలో కొన్నేళ్లు మంచి వానలు పడేసరికి ఆ మాట ఎవరూ వినలేదు. నాగలి వెళ్లినచోటికి వాన వస్తుందని నమ్మి ఉత్తరానికి ఎగబడ్డారు. 1880లలో కరువు తిరిగొచ్చింది. క్వోర్న్, హాకర్ చుట్టూ కప్పు కూలిన రాతి ఇళ్లు మీకు కనబడేది అందుకే. అనంతపురం, పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ గోడలు చూడగానే అర్థమవుతాయి, ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఐదో అడుగు: చిన్న ఊళ్లలో ఒక పూట మిగుల్చుకోండి

రోజువారీ ప్రణాళికలో ప్రతి ఊరికీ కనీసం ఒక మధ్యాహ్నం రాసిపెట్టండి. సాయంత్రం చీకటి పడ్డాక చేరి తెల్లారి లేచి వెళ్లిపోతే ఊరు చూసినట్టు కాదు.

బర్రాలో 1845లో రాగి దొరికింది. 1877లో గని మూతపడింది. గని నడిచిన కాలంలో ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన కూలీలు వాగు గట్లను తొలిచి, ఆ బొరియల్లో పిల్లాపాపలతో కాపురం ఉన్నారు. 1851 నాటికి అలా ఉన్నవాళ్లు దాదాపు 1,800 మంది. ఆ ఏడాదే వరదలు వాళ్లను ముంచెత్తాయి. రెండు బొరియలు ఇప్పటికీ చూడవచ్చు. పర్యాటక కేంద్రంలో రుసుము కడితే ఒక తాళంచెవి ఇస్తారు. దానితో గని, జైలు, పాత కట్టడాల గేట్లు మీరే తెరుచుకుని చూసుకోవచ్చు. ఇలాంటి ఏర్పాటు నాకు భలే నచ్చింది. గైడు తొందరపెట్టడం ఉండదు.

బర్రా దాటాక మౌంట్ బ్రయన్ ఈస్ట్ అనే చోటు వస్తుంది. ఊరని పిలవడానికి అక్కడ ఊరేమీ మిగల్లేదు. పాత బడి ఒకటి ఉంది, నడిచేవాళ్లు అందులో రాత్రి తలదాచుకోవచ్చు. ధ్రువ ప్రాంతాల అన్వేషకుడు హ్యూబర్ట్ విల్కిన్స్ ఈ ప్రాంతంలోనే 1888లో పుట్టి, ఆ బడిలోనే చదువుకున్నాడు. ఇంటిని కరువు తినేస్తుంటే చూస్తూ పెరిగిన పిల్లవాడు 1928లో అలాస్కా నుంచి స్పిట్స్‌బర్గెన్‌కు ఆర్కిటిక్ మీదుగా విమానంలో వెళ్లాడు. దగ్గరలోని మౌంట్ బ్రయన్ శిఖరం 936 మీటర్లు, దారి దాని మీదుగానే పోతుంది. ఆ గాలికి టోపీ నిలవదు.

హాలెట్, స్పాల్డింగ్ చిన్నవి. ఒక పబ్బు, ధాన్యపు గోదాములు, యుద్ధంలో చనిపోయినవాళ్ల స్మారకం, మూడు వీధులు. దుకాణం తెరిచి ఉంటుందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోండి. ఆదివారాన్ని నమ్ముకోవద్దు. పబ్బులో వంట త్వరగా ఆపేస్తారు. రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి భోజనం అడిగితే చిప్స్ పొట్లం చేతిలో పెడతారు.

మెల్రోజ్ ఫ్లిండర్స్ ప్రాంతంలో అన్నిటికన్నా పాత ఊరు. మౌంట్ రిమార్కబుల్ కొండ పాదాన, పెద్ద పెద్ద జామాయిల్ జాతి చెట్ల మధ్య ఉంటుంది. క్వోర్న్ దారికి కొంచెం పక్కన ఉన్నా వెళ్లాల్సిందే. ఒకప్పుడు ఇది రైళ్ల కూడలి. 1956లో కొత్త లైను కొండలకు పడమటి వైపు పడడంతో క్వోర్న్, హాకర్ రెండూ ఒక్కసారిగా చిన్నబోయాయి. 1973లో కొందరు ఔత్సాహికులు సంఘంగా ఏర్పడి పిచ్చి రిచ్చి కనుమలో పాత ఆవిరి బండిని మళ్లీ నడిపిస్తున్నారు.

ఊరిలో మాట కలపడానికి ఇక్కడివాళ్లు వాన గురించి అడుగుతారు. ‘మీ వైపు వాన పడిందా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే అరగంట కబుర్లు గ్యారంటీ. రైతు భూమిలో కంచె దాటడానికి వేసిన మెట్లు ఎక్కే పోవాలి. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే మూయాలి. ట్రెయిల్ మీద కుక్కలను తీసుకెళ్లడానికి లేదు.

ఆరో అడుగు: అద్న్యమత్న దేశంలో

హాకర్‌కు దక్షిణాన పదకొండు కిలోమీటర్ల దూరంలో యూరాంబుల్లా గుహలు ఉన్నాయి. బొగ్గుతో, జేగురుమన్నుతో గీసిన బొమ్మలు రాతి కప్పుల కింద కనిపిస్తాయి. దారి మీద లేవు కాబట్టి నడక మొదలుపెట్టే ముందురోజు కారులో వెళ్లి చూసి రండి.

విల్పీనా పౌండ్ అని అందరూ పిలిచే చోటే ఇకారా. దాదాపు 80 చదరపు కిలోమీటర్ల లోతట్టు చుట్టూ కోటగోడలా కొండ. భూగర్భశాస్త్రం దీన్ని ఒరిగి, ముడతపడి, అరిగిన రాతి పొరలుగా చెబుతుంది. అద్న్యమత్న పెద్దలు చెప్పే కథ ఇది. ఇకారాలో యువకులను పెద్దవాళ్లుగా చేసే వేడుకకు జనం కూడారు. ఉత్తరం నుంచి రెండు అకుర్రాలు, మహాసర్పాలు, వచ్చి ఆ జనాన్ని చుట్టుముట్టి మింగాయి. తిన్నది అరగక కదల్లేక అక్కడే పడి ఉన్న వాటి దేహాలే ఈ గోడలు. ఆ దారిలోనే యూర్లు అనే లకుముకి పిట్ట మనిషి మంటలు వేసుకుంటూ దక్షిణానికి వచ్చాడు. ఆయన మంటల బొగ్గే ఉత్తరాన లీ క్రీక్‌లో నేల కింద ఉన్న బొగ్గు. ఆ బొగ్గును తవ్వి పోర్ట్ అగస్టాలో కరెంటు తీశారు. 2015లో గని మూతపడింది.

పౌండ్ అంచున ఎత్తైన శిఖరానికి బ్రిటిష్‌వాళ్లు సెయింట్ మేరీ పీక్ అని పేరు పెట్టారు, ఎత్తు 1,171 మీటర్లు. అద్న్యమత్న పేరు న్గారి ముద్లానా. అది ఒక అకుర్రా తల. పైకి ఎక్కవద్దని, టాండెరా శాడిల్ అనే కొండల నడిమి పల్లం దగ్గరే ఆగిపొమ్మని అద్న్యమత్న ప్రజలు కోరుతున్నారు. చట్టం అడ్డుకోదు, దారి మూసి ఉండదు, పైకి వెళ్లేవాళ్లు మీకు ఎదురవుతారు కూడా. అయినా మీరు ఆగండి. కొండ కింద చెప్పులు విడిచి మెట్లెక్కే అలవాటున్నవాళ్లం. గర్భగుడిలోకి రావద్దంటే ఎందుకని అడగం కదా! శాడిల్ నుంచి కనిపించే దృశ్యమే చాలు, హైసెన్ ట్రెయిల్ అసలు దారి శిఖరం మీదుగా పోదు.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పాము కథ వినగానే మనకు నాగులచవితి, పుట్టలో పాలు, ఆదిశేషుడు గుర్తుకొస్తారు. అది సహజం. కానీ ఆ రాళ్ల దగ్గర పసుపు, కుంకుమ, పూలు, దీపం పెట్టకండి. బొట్టు పెట్టి దండం పెట్టడం మన దృష్టిలో గౌరవమే. ఆ స్థలం ఎవరిదో వాళ్ల దృష్టిలో అది అనుమతి లేని చేష్ట, పైగా పసుపు రంగు రాతి బొమ్మలను పాడుచేస్తుంది. అకుర్రా మన ఆదిశేషుడేనని గైడుకు వివరించే ఉత్సాహాన్ని కూడా కాసేపు ఆపుకుని, ఆయన చెప్పేది వినండి.

పౌండ్ దక్షిణ గోడ కింద ఆర్కరూ రాక్ ఉంది. రోడ్డు నుంచి చిన్న నడక. ఇకారా పుట్టిన కథ అక్కడ రాతి మీద గీసి ఉంది. సేక్రెడ్ కాన్యన్ అనే ఇరుకు లోయలో రాతిలో చెక్కిన గుర్తులున్నాయి. దానికి అద్న్యమత్న గైడు వెంట ఉంటేనే వెళ్లాలి. విల్పీనాలో ముందే అడిగి ఏర్పాటు చేసుకోండి. డబ్బు ఎక్కడైనా ఖర్చుపెట్టాలనుకుంటే ఇక్కడ పెట్టండి. కొత్త జాకెట్టు కన్నా ఇది మేలు.

పారాచిల్నా వైపు కొండల్లో దొరికే ఎర్ర జేగురుకు ఎడారి లోపలి దాకా పేరుండేది. దానికోసం ఉత్తరాది నుంచి మగవాళ్లు వందల కిలోమీటర్లు నడిచివచ్చి మోసుకెళ్లేవాళ్లు. దూరప్రయాణపు కాలినడక ఈ కొండలకు వారెన్ బోనిథన్‌తో రాలేదు. ఫ్లిండర్స్‌లోని వరాట్యి అనే రాతి చరియ కింద దొరికిన ఆధారాలు మనుషులు ఇక్కడ 49,000 ఏళ్ల క్రితమే ఉన్నారని చెబుతున్నాయి. 2016లో ఆ వివరాలు ప్రచురించారు. ఆ చోటు సందర్శకుల కోసం కాదు, వెతకవద్దు.

1850లలో గొర్రెల పెంపకందారులు వచ్చి ఊటలన్నీ ఆక్రమించారు. నీటి కోసం ఘర్షణలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. పాత విల్పీనా స్టేషన్ (అంటే గొర్రెల క్షేత్రం), ఆరూనా శిథిలాలు చూస్తున్నప్పుడు ఆ ఊట మొదట ఎవరిదన్నది మనసులో ఉంచుకోండి. బోర్డు మీద ఉన్నా లేకపోయినా.

ఏడో అడుగు: ఏదైనా కనిపిస్తే

నడుస్తుండగా పదునైన రాతి పెచ్చులు, నూరుడు రాయి, బెరడు తీసిన మచ్చ ఉన్న పాత చెట్టు కనిపించవచ్చు. అవి పనిముట్లు, పడవ లేదా గిన్నె చేసుకున్న ఆనవాళ్లు. చేత్తో తీయకండి, తిప్పి చూడకండి. ఫోటో తీసినా ఆ చోటి గుర్తులతో సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. పార్కు సిబ్బందికి చెప్పండి. దక్షిణ ఆస్ట్రేలియాలో 1988 నాటి ఆదివాసీ వారసత్వ చట్టం కింద వాటిని కదిపినా, పాడుచేసినా నేరం. కాశీకి పోయి గంగాజలం తెచ్చుకున్నట్టు ఒక గులకరాయి జేబులో వేసుకునే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోవాలి.

బొమ్మల మీద చెయ్యి పెట్టవద్దు, నీళ్లు చల్లి రంగు తేల్చే ప్రయత్నం అసలే వద్దు. గైడును గానీ, పెద్దలను గానీ ఫోటో తీయాలంటే ముందు అడగండి. ఫలానా కథ చెప్పమని బలవంతపెట్టకండి. కొన్ని కథలు ఆడవాళ్లవి, కొన్ని మగవాళ్లవి, కొన్ని బయటివాళ్లకు చెప్పరు. ‘అది నేను చెప్పేది కాదు’ అంటే అక్కడితో ఆగిపోవాలి.

ఎనిమిదో అడుగు: నీళ్లు, తిండి, భద్రత

శిబిరాల్లో వాన నీటి ట్యాంకులు ఉంటాయి. వాటిలో నీళ్లు ఉంటాయన్న హామీ లేదు. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు లెక్కవేసి, తరువాతి ట్యాంకు ఖాళీ అయినా బతికి బయటపడేలా మోయండి. నీటిని మరిగించో, వడగట్టో తాగాలి.

శాకాహారులు చిన్న ఊళ్ల మీద ఆధారపడితే బంగాళదుంప చిప్స్‌తోనే నడవాలి. మన వంట ఈ పనికి బాగా పనికొస్తుంది. అటుకులు, వేయించి ఆరబెట్టిన ఉప్మా రవ్వ, పులిహోర పేస్టు, కందిపొడి, పల్లీ చిక్కీలు, సున్నుండలు. ఒక చిన్న గ్యాస్ పొయ్యి చాలు. మంట నిషేధం ప్రకటించిన రోజు అదీ వెలిగించకూడదు. కాబట్టి నానబెడితే తినగలిగేవి రెండు పూటలకు సరిపడా ఉంచుకోండి. పక్క రాష్ట్రాల నుంచి కారులో వచ్చేవాళ్లు పండ్లను సరిహద్దు దాటించకూడదు, పండు ఈగ అంటు భయంతో తనిఖీలు ఉంటాయి. ఊరి నుంచి వచ్చే అమ్మ కరివేపాకు రెమ్మలు సూట్‌కేసులో పెట్టుకురాకుండా ముందే చెప్పండి.

దక్షిణ భాగంలో కొన్నిచోట్ల బూట్లు తుడుచుకునే బ్రష్షులు, మందు నీళ్లు పెట్టి ఉంటాయి. అడవి మొక్కల వేళ్లను కుళ్లబెట్టే బూజు మట్టితో పాటు వ్యాపిస్తుంది. దాటవేయకండి.

చాలాచోట్ల ఫోను పనిచేయదు. ఉపగ్రహం ద్వారా సహాయ సంకేతం పంపే పరికరం అద్దెకు దొరుకుతుంది, తీసుకోండి. ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. అత్యవసర నంబరు 000. గోధుమరంగు పాములు వెచ్చని రోజుల్లో దారి మీదే ఎండ కాగుతూ పడుకుంటాయి. కాళ్లకు గేటర్లు అనే మందపాటి తొడుగులు వేసుకుని, వాటికి దారి ఇచ్చి పక్కనుంచి పోవాలి.

తొమ్మిదో అడుగు: ఒక నమూనా ప్రణాళిక

హాకర్ నుంచి పారాచిల్నా గార్జ్ దాకా ఇలా వేసుకోవచ్చు. మొదటి రోజు నడవకండి. హాకర్ చూడండి, యూరాంబుల్లా గుహలకు వెళ్లి రండి, నీళ్లు నింపుకోండి. తరువాత నాలుగు రోజులు పొలాలు, గొర్రెల క్షేత్రాలు, కొండ అంచుల వెంట ఉత్తరానికి నడిచి, బ్రైడిల్ గ్యాప్ ద్వారా పౌండ్‌లోకి ప్రవేశించండి. లోపల హిల్ కుటుంబం రాతి ఇల్లు కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వాళ్లు ఇక్కడ గోధుమ పండించారు. 1914 వరదలో దారి కొట్టుకుపోవడంతో వదిలేశారు.

విల్పీనాలో ఒక రోజు పూర్తిగా ఆగండి. అద్న్యమత్న గైడుతో నడక, ఆర్కరూ రాక్, బట్టలు ఉతుక్కోవడం. శిఖరం ఎక్కనందువల్ల మిగిలిన సమయం దీనికే.

ఆ తరువాత నాలుగు రోజులు యన్యానా గుడిసె, ట్రెజోనా శిబిరం, ఆరూనా మీదుగా గార్జ్‌కు. ట్రెజోనా దగ్గరలోని ఎనోరమా వాగులో రాతికి కొట్టిన ఒక కంచు బిళ్ల ఉంటుంది. భూమి చరిత్రలో ఎడియాకరన్ అనే యుగం మొదలును లోకమంతా ఆ రాతి పొర దగ్గర లెక్కిస్తుంది. 2004లో నిర్ణయించారు. ఆరూనా లోయ హాన్స్ హైసెన్‌కు ఇష్టమైన చోటు. ఆయన 1926లో మొదటిసారి ఫ్లిండర్స్‌కు వచ్చి, పచ్చదనం లేని ఈ ఎర్ర ఎముకల కొండలను చూసి, ఆ తరువాత పదే పదే తిరిగొచ్చాడు. ఇక్కడ సాయంత్రం నాలుగు లోపు చేరేలా నడవండి. కొండ గోడ మీద వెలుగు అప్పుడే మారుతుంది.

పార్కు లోపలి శిబిరాలకు, ప్రవేశానికి ముందే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టాలి. బడి సెలవుల్లో విల్పీనా వారాల ముందే నిండిపోతుంది.

గార్జ్‌లో ట్రెయిల్ ముగిసే చోట బస్సు ఉండదు, దుకాణం ఉండదు, ఫోను ఉండదు. ఒక బోర్డు, మట్టి రోడ్డు, ఎండిన వాగు మాత్రమే. కాబట్టి విల్పీనా నుంచో, బ్లిన్మన్ నుంచో, పారాచిల్నా నుంచో వచ్చి ఎక్కించుకునే వాహనాన్ని బయల్దేరకముందే మాట్లాడుకుని, తేదీతో పాటు గంట కూడా ఖాయం చేసుకోండి. ఆ గంట దాటి రెండు గంటలైనా వాహనం రాకపోతే ఏం చేయాలో డ్రైవరుతో ముందే అనుకోండి. ఆఖరి రోజు సంచిలో ఒక పూట అన్నం, రెండు లీటర్ల నీళ్లు మిగిలేలా చూసుకోండి.